నాడాల కోటు

నా దగ్గర పదకొండు కోట్లున్నాయి
అని మొదటిసారి అన్నప్పుడు
మా కరెంటాఫీసులో టీ గ్లాసులు గాల్లో ఆగేయి.
బీరువాలో వేలాడుతున్నాయన్నాక
మళ్లీ తాగడం మొదలెట్టేరు.

ఒకటి రంగం నుంచి ఓడెక్కి వచ్చింది.
తాత మనవడికిచ్చేడు, మనవడు నాకు మూడొందలకిచ్చేడు.
ఎడమ జేబు మూలన ఇంకా ఇసక.
ఒకటి నెల్లిమర్ల జూట్ మిల్లు గుమస్తాది,
మోచేతులు రెండూ బల్లకి ధారపోసినది.
ఒకటి బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించినాయనది,
కుడి భుజం కన్నా ఎడమ భుజం అరంగుళం కింద.
తప్పు దర్జీదా, క్లారినెట్టుదా
ఇప్పటికీ తేలలేదు.

ఉతకను.
ఉన్ని కోటుని ఉతికితే చిన్నపిల్లాడిదై తిరిగొస్తుంది.
లోపలిది బయటికి తిప్పి రెండ్రోజులు నీడనేస్తాను.
గుర్రపు వెంట్రుకల బ్రష్షుతో మెడ నుంచి కిందికి,
ఎప్పుడూ కిందికే, పిల్లి వీపు నిమిరినట్టు.
కాలరు జిడ్డుకి కుంకుడు నురగ,
నీళ్లు కాదు, ఒట్టి నురగ, గుడ్డతో అద్ది.
ఎవరిదో అరవయ్యేళ్ల నాటి కొబ్బరినూనె
ఇప్పుడే తల దువ్వుకున్నట్టు
నా వేళ్లకి వాసనేస్తుంది.
జేబుల్లో దొరికినవి దొరికినట్టే మళ్లీ పెడతాను:
బొబ్బిలి టిక్కెట్టు ముక్క, ఒక లవంగం,
ఎవరికో రాసి, మడిచి, ఇవ్వని చీటీ.
ఆ మడత నేనూ విప్పలేదు.

పురుగు కొట్టిన చోటుకి ఖుద్దూస్ సాయిబు.
కోటు లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి
కన్నం మీద నేస్తాడు.
"దీని గాయానికి దీని చర్మమే బావూ" అంటాడు,
కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి.

పన్నెండోది మొన్న శ్రావణంలో.
మూడు లాంతర్ల దగ్గర
పట్నాయక్ గారి ఫొటో స్టూడియో ఖాళీ చేస్తుంటే
రంగు తెరల వెనక, మేకుకి.
ముందు నుంచి చూస్తే దొర.
తిప్పితే వీపే లేదు.
మెడ నుంచి నడుం దాకా నిలువునా కోసి
అటు నాలుగు, ఇటు నాలుగు నాడాలు.
సన్నవాడికి బిగించి, లావువాడికి వదులు చేసి
ఎందరు పెళ్లికొడుకులకో ఒకటే కోటు.
రెండో బొత్తాం రంగు వేరు.
నలుపు తెలుపు ఫొటోలో ఎవడు చూడొచ్చాడు!

"కుట్టీమంటావా?" అన్నాడు ఖుద్దూస్.
ఏం చెప్పాలో తోచలేదు.
నాడాలు ఎలాగో ముడేసుకుని
ఆ ఉక్కలో గంటస్తంభం దాకా నడిచేను.
"ఏటి బావూ, ఈ ఎండలో పెళ్లేటి?"
ముందు నుంచి చూసినవాళ్లు నవ్వేరు.
వెనక నుంచి చూసినవాళ్లు ఇంకా నవ్వేరు.

జామకాయలమ్మే అసిరమ్మ నవ్వలేదు.
తక్కెడ దింపి
రెండో బొత్తాం మీద వేలు పెట్టింది.
"ఇది మా దాలినాయుడు కోటు."
కాసేపాగి,
"ఓపాలి అటు తిరుగు."

తిరిగేను.

"ఈ నాడాలు నానే కట్టినాను బావూ.
పట్నాయకు బాబు దీపాల కాడ ఉండిపోనాడు,
నువ్వే కట్టమ్మా అన్నాడు.
అప్పటికి ఆడి మొకం సరిగ్గా సూణ్ణేదు నాను.
ముందల వీపే సూసినాను.
సెమటకి తడిసిపోనాది, వొణికీసేడు.
ఇంటికొచ్చినోళ్లంతా
గోడ మీద ఫొటో సూసి
దొరబాబులాగున్నాడంటారు.
ఆడు పోయి పదేళ్లు.
నానెవుల్తోనూ అన్లేదు."

నా ముడి విప్పేసింది. "ఇలగ కాదు."
కింద నుంచి పైకి, ఒకటొకటే,
నాలుగూ కట్టి
వీపు మీద ఒక్కసారి చరిచింది,
ఫొటోకి పంపినట్టు.
కుడి జేబులో ఒక జామకాయ వేసింది.
డబ్బులిస్తే చెయ్యి తోసేసింది.

ఇంటికొచ్చి విప్పబోతే
ఆవిడ ముళ్లు నా చేతికి అందలేదు.
రాత్రి దాకా కోటుతోనే కూచున్నాను
ఫ్యాను కింద, గోడ వైపు మొహం పెట్టి,
వీపుకి గాలి తగిలేలా.